వాయించకుండా ఉండేందుకు చందా

కుట్టుమిషను పక్కనుంచి,
బడి తెరిచిన రెండో వారం

వదిన గారికి,

మేమంతా బాగానే ఉన్నామని మొదలుపెడదామనుకున్నాను. కానీ మొన్న మీ తమ్ముడు ఒక మీటింగులో చెయ్యెత్తారు. ఇక ఎంత బాగున్నామో మీరే ఊహించుకోండి.

ఫోను చేసి చెప్పవచ్చు. కానీ మా ఇల్లు అగ్గిపెట్టె అంత అని మీకు తెలుసు కదా. నేను మీతో ఏం మాట్లాడినా ఆయన పక్క గదిలోంచి సవరణలు చెబుతారు. పైగా నెలకోసారి మీ చేతిరాత చూడకపోతే నాకు ఏదో వెలితిగా ఉంటుంది. అందుకని ఎప్పటిలాగే ఉత్తరం.

సంగతేమిటంటే, చిట్టి చదివే బడిలో వచ్చే ఏడాది నుంచి సంగీతం మాస్టారి పోస్టు తీసేస్తున్నారు. పైనుంచి డబ్బు తగ్గిపోయిందట. హెడ్‌మిస్ట్రెస్ తల్లిదండ్రులందరినీ పిలిచి ఒక కాగితం చూపించింది. మాస్టారు ఏడాదికోసారి నింపి పంపే ఫారం అది. అన్ని గడులూ నింపారు గాని, 'ఈ ఏడాది సాధించిన ఫలితం' అన్న చివరి గడి మాత్రం ఖాళీ. దాని పక్కన మీ పెద్దాఫీసులో ఎవరో ఎర్రసిరాతో రాశారు: 'ఫలితం శూన్యం. ఈ పోస్టు అనవసరం.'

ఆ అక్షరాలు చూడాలి వదినా. ముత్యాలే. ఒక మనిషి పొట్ట ఇంత అందంగా కొట్టడం నేనెప్పుడూ చూడలేదు.

మాస్టారి క్లాసున్న రోజు చిట్టి లేపకుండానే లేస్తుంది. జడ కూడా తనే వేసుకుంటుంది. మిగతా రోజుల్లో దాన్ని మంచం మీంచి లాగడానికి మేమిద్దరం చాలం. ఆ గది మూతపడితే వారం పొడుగునా అలాంటి రోజులే అని తలుచుకుంటేనే నాకు నీరసం వస్తోంది.

ఒక్కటే దారి ఉందట. ఏడాది చివరికల్లా మాస్టారి జీతంలో సగం తల్లిదండ్రులు పోగుచేస్తే, మిగతా సగం పెద్దాఫీసువాళ్ళిచ్చి పోస్టు ఉంచుతారు. బేకరీ ఆవిడను అధ్యక్షురాలిని చేసి ఒక సంఘం పెట్టాం. తలా ఇంత వేసుకుందామనగానే సగం మంది నేలచూపులు చూశారు. వాళ్ళనీ అనలేం, ఎవరి ఇబ్బందులు వాళ్ళవి. అప్పుడు వెనక బల్ల మీద కూర్చున్న మాస్టారు లేచి, వాయించడం మీకు నేను నేర్పుతాను, మీరే ఒక కచేరీ చేసి టిక్కెట్లు అమ్ముకోండి అన్నారు. ఎవరు నేర్చుకుంటారో చెయ్యెత్తమంది బేకరీ ఆవిడ. సరిగ్గా అదే సమయానికి మీ తమ్ముడు బస్సు డ్యూటీ దిగి వచ్చి, ఇక ఇంటికి పోదాం రమ్మని గుమ్మం దగ్గర్నుంచి నాకు చెయ్యి ఊపారు. ఆయన పేరు రాసేసుకున్నారు. పెద్ద డ్రమ్ము ఇచ్చారు. నాకు వయొలిన్.

మీరు ఆ ఆఫీసులోనే కదా. ఆ ఎర్రసిరా ఎవరిదో కాస్త వాకబు చేసి పెట్టండి. ఊరికే, తెలుసుకుందామని.

మీ మరదలు


పెద్దాఫీసు, మూడో అంతస్తు, కిటికీలేని వైపు,
పై వారం

మరదలా,

ఈసారి ఉత్తరం టైపులో వచ్చిందని కంగారుపడకు. మణికట్టు నొప్పి. పెన్ను పట్టుకుంటే మోచేతి దాకా లాగుతోంది.

ఆ ఎర్రసిరా సంగతి నాకెలా తెలుస్తుంది? ఈ భవనంలో మూడు వందలమంది ఉన్నారు. నీకు చెప్పలేదు కదూ, నన్ను డిస్పాచ్ సెక్షన్‌కి మార్చారు. కవర్లు అంటించడం, స్టాంపులు వేయడం, కట్టలు కట్టడం. ఫారాలు మా దాకా రానే రావు. అయినా ఒక మాట చెబుతాను. ఆ రాసినవాళ్ళు, ఎవరో గాని పాపం, ఒక్క రోజులో ఎన్ని వందల ఫారాలు చూసి ఉంటారో. గడి ఖాళీగా వదిలేసినవాడిది మాత్రం తప్పు కాదా? ఎవరి తరఫునా మాట్లాడటం లేదు, న్యాయం చెబుతున్నాను.

మావాడి చేతికి డ్రమ్ము ఇచ్చారా? ఆ ఇచ్చినవాళ్ళెవరో వాడి చిన్నతనం ఎరగరు. ఆరేళ్ళప్పుడు బకెట్టు బోర్లించి సాయంత్రం పూట రెండు గరిటెలతో వాయించేవాడు. మూడో రోజుకల్లా పక్కింటావిడ గోడ మీంచి చెయ్యి చాపి, ఇవాళ్టికి ఆపు నాయనా అని ఒక రూపాయి బిళ్ళ ఇచ్చింది. అంతే, రోజూ సరిగ్గా అదే వేళకి వాడు బకెట్టు తీయడం, ఆవిడ బిళ్ళ తీయడం. ఏడాది పాటు నడిచింది. వాడు జీవితంలో సంపాదించిన మొదటి జీతం అదే.

కచేరీ అంటున్నారు, టిక్కెట్లు ముందే అమ్ముకోండి. విన్నాక ఎవరూ కొనరు.

మీ వదిన


బడి వెనక సామాన్ల గది,
ప్రాక్టీసు మధ్య విరామంలో

వదిన గారికి,

మణికట్టు నొప్పి అని చదివి నా ప్రాణం ఉసూరుమంది. ఈ కవరుతో పాటు ఒక ఆయింట్‌మెంటు పంపుతున్నాను. రోజుకు రెండుసార్లు రాసుకోండి. మందుల షాపాయన ఇచ్చాడు. నయమయ్యేదాకా పెన్నులు, ముఖ్యంగా ఆఫీసు పెన్నులు, ముట్టుకోవద్దన్నాడు.

మేం తొమ్మిది మందిమి. మొదటి రోజు మాస్టారు మమ్మల్ని విని, మంచి ప్రయత్నం అని, వెళ్ళి కిటికీ మూసి వచ్చారు. నా వయొలిన్ తలుపు బందులా కిర్రుమంది. బేకరీ ఆవిడ బాకా ఊదితే ఆవిడ మొహం ఎర్రబడిందే తప్ప శబ్దం రాలేదు. వచ్చాక, రాకపోతేనే బాగుండేదనిపించింది. మీ తమ్ముడు మాత్రం అందరికంటే ముందే పాట ముగించి, గెలిచినట్టు మా వంక చూశారు.

మూడో రోజు, ఎదురుగా ఉన్న మందుల షాపాయన రోడ్డు దాటి వచ్చాడు. ఒక నోటు మడిచి బేకరీ ఆవిడ చేతిలో పెట్టి, ఇది మీ నిధికమ్మా, దయచేసి ఇవాళ్టికి ఆపండి అన్నాడు. అప్పుడు మీ బకెట్టు కథ గుర్తొచ్చింది నాకు. ఆవిడ చెవిలో వేశాను. ఆవిడ కళ్ళల్లో వెలుగు చూడాలి మీరు.

కచేరీ ఆలోచన మానేశాం. కూపన్లు అచ్చువేయించాం. మీద బాకా బొమ్మ, దాని మీద అడ్డగీత. కింద ఇలా ఉంటుంది: 'ఈ ఇంటివారు మా నిధికి చందా ఇచ్చారు. ఈ నెల ఈ గుమ్మం ముందు మేము వాయించం.' తలుపుకి అంటించుకోవచ్చు. మొదటి ఆదివారం పక్క వీధిలో దిగాం. తొలి ఇంటి ముందు అరపాట వాయించాం. రెండో ఇంటివాళ్ళు పాట మొదలుకాకముందే తలుపు తీశారు. నాలుగో ఇంటికి వచ్చేసరికి గేటు దగ్గర డబ్బు పట్టుకుని నిలబడి ఉన్నారు. మా అందరిలోకీ పనికొచ్చేవారు మీ తమ్ముడే. ఆయన పుల్ల పైకెత్తితే చాలు, చేతులు జేబుల్లోకి పోతున్నాయి. మొదటి నెలలో నలభై ఒక్క ఇళ్ళు!

ఒక్కటే ముల్లులా గుచ్చుకుంటోంది. మాస్టారు ఆదివారాలు ఊళ్ళో ఉండరు. చందాలెందుకు వస్తున్నాయో ఆయనకు తెలియదు. సంగీతం కోసం ఇచ్చారని చెప్పాం. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మన ఊళ్ళో సంగీతం ఇష్టపడేవాళ్ళు ఇంతమంది ఉన్నారని నాకు తెలియదమ్మా" అన్నారు. నాకు దొంగతనం చేసినట్టనిపించింది. తర్వాత ఆ నలభై ఒక్క ఇళ్ళూ తలుచుకుని సర్దుకున్నాను.

మీ మరదలు


పెద్దాఫీసు, అదే బల్ల,
ఆయింట్‌మెంటు అందిన రోజు

మరదలా,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనాల గదిలో చదివాను. నవ్వు ఆపుకోలేక నీళ్ళు పొలమారి, పక్క బల్లావిడ వీపు చరచాల్సి వచ్చింది. నీ పెళ్ళిచూపుల్లో తల వంచుకుని కూర్చున్నావే, ఆ తలలో ఇంత ఉందని అప్పుడు తెలిస్తే మావాణ్ణి హెచ్చరించి ఉండేదాన్ని.

ఆయింట్‌మెంటు బాగానే పనిచేస్తోంది. అయినా ఇంకొన్నాళ్ళు టైపే.

ఒకటి అడుగుతాను, ఊరికే. ఆ మాస్టారు ఎలాంటి మనిషి? పదకొండేళ్ళుగా ఒకే గడిని ఖాళీగా వదిలేస్తున్నాడంటే పొగరా, బద్ధకమా, లేక పైవాళ్ళంటే లెక్కలేదా? ఒక్క ముక్క రాస్తే ఆయన సొమ్మేం పోయింది? అలాంటివాళ్ళ వల్లే గదా ఇతరులు పప్పులో కాలేసేది. పెళ్ళయిందా? పిల్లలా? జీతం ఆగితే ఆయనకి వేరే ఆధారం ఉందా? నాకేం పని లేదు గాని, తెలిస్తే రాయి.

ఆయనకి నిజం చెప్పేయండి. ఇంకొకరి నోట వింటే బాగుండదు.

మీ వదిన


కుట్టుమిషను పక్కనుంచి,
అర్ధసంవత్సర పరీక్షలయ్యాక

వదిన గారికి,

పదకొండేళ్ళ సంగతి నేను మీకు రాసినట్టు గుర్తులేదు. రాసే ఉంటాను లెండి. లేకపోతే డిస్పాచ్‌లో కవర్లు అంటించే మీకెలా తెలుస్తుంది?

మీరడిగిన ప్రశ్న మాస్టారినే అడిగాను. ఆయనేమీ నొచ్చుకోలేదు. ఈ ఏడాది వయొలిన్ కమాను పట్టుకున్న పిల్ల చేతిలో ఏముందో పదేళ్ళకి గాని తెలియదమ్మా, తెలియనిది తెలిసినట్టు ఎలా రాస్తాను అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. ఎవరైనా పిలిచి, ఎందుకయ్యా ఖాళీగా వదిలావు అని అడిగితే చెబుదామని ఏటా ఎదురుచూశారట. ఎవరూ అడగలేదట. పెళ్ళయింది, భార్య పోయింది, ఒక చెల్లెలు ఈయన మీదే ఆధారపడి ఉంది. జీతం తప్ప వేరే ఏమీ లేదు.

ఇప్పుడు అసలు కష్టం వినండి. మాకు వాయించడం వచ్చేస్తోంది.

నవ్వకండి. ఆయన నేర్పుతుంటే రాకుండా ఉండటం మావల్ల కావడం లేదు. నా వేలు ఎక్కడ తప్పుతుందో నాకంటే ముందే ఆయనకు తెలుస్తుంది. బేకరీ ఆవిడ బాకాలో మొన్న ఒక పాట మొత్తం, మొదటినుంచి చివరిదాకా వచ్చింది. ఆవిడే ఉలిక్కిపడి ఆపేసింది. పోయిన ఆదివారం మేం వాయిస్తుంటే ఒకావిడ తలుపు తీసుకుని వచ్చింది. డబ్బు ఇస్తుందనుకుని నేను కూపను పుస్తకం తీశాను. ఆవిడ మెట్టు మీద కూర్చుని, ఇంకోటి వాయించండి అంది. పుట్టి మునిగింది.

నలభై ఒకటి కాస్తా పంతొమ్మిదయ్యాయి. బేకరీ ఆవిడ మీటింగు పెట్టి, ఆదివారాలు కావాలని తప్పులు వాయిద్దామంది. ప్రయత్నించాం. చేతులు మాట వినడం లేదు వదినా, వద్దన్నా సరైన చోటికే పోతున్నాయి. మీ తమ్ముడు ఒక్కరే మునుపటిలాగే వాయిస్తున్నారు. అదీ ఆయన శాయశక్తులా సరిగ్గా వాయించాలని ప్రయత్నించి.

కావలసిన దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ చేరింది. రెండు నెలలే ఉన్నాయి. మాస్టారికి ఇంకా చెప్పలేదు. చెబుదామని వెళ్ళిన ప్రతిసారీ ఆయన, వేళ్ళు బాగా పడుతున్నాయమ్మా అంటారు, నేను నీళ్ళు నమిలి వచ్చేస్తాను.

మీ మరదలు


ఇంటి నుంచి,
గురువారం

వదిన గారికి,

మీ జవాబు రాకముందే రాస్తున్నాను. మనసు బాగాలేదు.

మాస్టారికి తెలిసిపోయింది. మీరన్నట్టే, ఇంకొకరి నోట. మందుల షాపాయన రోడ్డు మీద కనపడి, ఈ నెల నుంచి చందా ఇవ్వనండీ, మీవాళ్ళు ఇప్పుడు బాగా వాయిస్తున్నారు, రాకుండా ఉండటానికి డబ్బెందుకు, వచ్చినా పర్వాలేదు అన్నాడట. పాపం ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. మాస్టారికి మాత్రం రాకుండా ఉండటానికి అన్న ముక్కే చెవిన పడింది.

ప్రాక్టీసుకి వచ్చి, కూపను ఒకటి ఇవ్వమని అడిగారు. నేనే ఇచ్చాను. చదివారు. బాకా బొమ్మ మీద అడ్డగీతను వేలితో తడిమారు. కోప్పడి ఉంటే బాగుండేది.

"నేను నేర్పింది వినకుండా ఉండటానికి ఊరంతా డబ్బులిచ్చిందన్న మాట" అన్నారు. అంతే. సంగీతం గది తాళం తీసుకెళ్ళి హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద పెట్టి, ఏడాది చివరిదాకా ఎందుకు, ఈ నెలాఖరుకే మానేస్తానని చెప్పి వెళ్ళిపోయారు. బేకరీ ఆవిడ బాకా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. మీ తమ్ముడు ఇంటికొచ్చి డ్రమ్ముకి దుప్పటి కప్పారు.

ఇవాళ ఆయన క్లాసుండే రోజు. చిట్టి లేవలేదు. నేనూ లేపలేదు. నవ్వుతూ మొదలుపెట్టిన పని, వదినా. ఒక మంచి మనిషి మొహం చిన్నబుచ్చాను. ఆయనకి ఏ మొహం పెట్టుకుని కనపడను?

మీ మరదలు


నా వంటింటి బల్ల మీంచి,
ఆదివారం

మరదలా,

అక్షరాలు చూశావు కదా. ఇక నేను వేరే చెప్పేదేముంది? మణికట్టు నొప్పీ లేదు, డిస్పాచ్ సెక్షనూ లేదు. ఆ ఎర్రసిరా నాదే.

ఆ రోజు శుక్రవారం. బల్ల మీద ఫారాలు గుట్టగా ఉన్నాయి. నా బస్సు అయిదుంబావుకి. ఖాళీ గడి కనపడితే ఫారం వెనక్కి పంపి, కారణం ఒకసారి అడిగి, జవాబు కోసం ఆగాలి. అది రూలు. అడగాలంటే ఒక ఉత్తరం రాయాలి, ఒక నంబరు వేయాలి, ఒక సంతకం పట్టాలి. శూన్యం అని రాయడానికి ఒక్క నిమిషం చాలు. పాత ఫారాలు తిరగేసి పదకొండేళ్ళూ ఖాళీయే అని చూసి, ఎవడో సోమరి అనుకుని రాసేశాను. ఏ ఊరి బడో కూడా చూడలేదు. బస్సు దొరికింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నా చేతిరాత మెచ్చుకున్నవాళ్ళే గాని, ఏం రాశానని అడిగినవాళ్ళు లేరు.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఏడాది ముగిసేలోగా ఆ గడి నింపి ఫారం మళ్ళీ పంపుకోవచ్చు. నీ మొదటి ఉత్తరం అందిన నాడే నాకా సంగతి తెలుసు. కానీ ఆ ఫారం మళ్ళీ బల్లెక్కితే, మొదటిసారి వెనక్కి పంపి ఎందుకు అడగలేదని నన్నడుగుతారు. అందుకని నీకు బకెట్టు కథ చెప్పి ఊరుకున్నాను. ఆయన ఏటా ఎవరైనా అడుగుతారని ఎదురుచూశాడని నువ్వు రాశావే, ఆ వాక్యం దగ్గర నుంచి నాకు అన్నం సయించడం లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను మరదలా.

తిట్లు తర్వాత. ముందు ఇది విను. నీ చందా పుస్తకం తీయి. మొదటి నెల నలభై ఒక్క ఇళ్ళు, తర్వాత పంతొమ్మిది, ఇప్పుడెన్ని? నువ్వు ఆ అంకెలు చూసి ఏడుస్తున్నావు. నేను ఫలితాలు చూసే క్లర్కుని. ఒక మాస్టారి పనిని ఇంత కచ్చితంగా కొలిచిన కాగితం నా సర్వీసులో చూడలేదు. మిమ్మల్ని ఆపడానికి డబ్బిచ్చిన ఊరు నెలనెలా ఇవ్వడం మానేస్తూ వచ్చింది. ఎందుకని? ఆయన నేర్పాడు గనక. ఒక ఏడాదిలో ఫలితం కనపడదని ఆయనన్నది పిల్లల విషయంలో నిజమే కావచ్చు. మీలాంటి మొద్దులకి నేర్పితే ఆర్నెల్లలో కనపడింది.

ఆ లెక్క ఆయన చేతనే గడిలో రాయించి, నా పేరు మీద, నా సెక్షన్‌కే పంపు. ఇంకెవరి చేతికీ వెళ్ళకూడదని కాదు. నేనే పట్టుకెళ్ళి పై అధికారి ముందు పెట్టాలి.

నీ వదిన


బడి వెనక సామాన్ల గది,
నెలాఖరుకు ఆరు రోజుల ముందు

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. మీ సంగతి తర్వాత. ముందు పని.

తొమ్మిది మందిమీ మాస్టారి ఇంటి ముందుకెళ్ళి నిలబడ్డాం. కూపన్లు తీసుకెళ్ళలేదు. ఆయన నేర్పిన మొదటి పాట వాయించాం. కిటికీ తెరుచుకోలేదు. రెండోసారి వాయించాం. తెరుచుకోలేదు. మూడోసారి, మధ్యలో, తలుపు తీసుకుని చెప్పుల్లేకుండా వీధిలోకి వచ్చి, బాకా అరక్షణం ఆలస్యంగా అందుకుంటోందని కోప్పడ్డారు. బేకరీ ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

మీరు చెప్పిన లెక్క చూపించాను. మొదటి నెల నుంచి చివరి నెల దాకా వేలు పెట్టి చదువుకున్నారు. ఆఖరి నెల మూడే ఇళ్ళు. ముందు మేం చేసినదానికి క్షమాపణ అడిగాను, అందరి ముందూ. ఆయన ఆ కాగితం వంకే చూస్తూ, ఇంతమంది ఇవ్వడం మానేశారా అని మెల్లగా అడిగారు. అవునండీ అన్నాను. అప్పుడు నవ్వారు వదినా. ఆ మనిషి నవ్వగా నేను చూడటం ఇదే మొదటిసారి.

గడి నింపడానికి మూడు రోజులు తీసుకున్నారు. ఆ మిగిలిన మూడిళ్ళ సంగతి రాయకపోతే ఏం పోయిందన్నాం. ఒప్పుకోలేదు. చివర ఈ వాక్యం చేర్చారు: 'ఇంకా చందా ఇస్తున్న మూడు ఇళ్ళూ పెద్ద డ్రమ్ము ప్రాక్టీసు చేసే ఇంటిని ఆనుకుని ఉన్నాయి. ఆ ఒక్కరి విషయంలో నేను సఫలుడిని కాలేకపోయాను.' మీ తమ్ముడు అది చదివి, సర్కారు కాగితంలో తన ప్రస్తావన వచ్చిందని దాని నకలు తీయించుకుని బస్సులో అద్దం పక్కన పెట్టుకున్నారు.

ఫారం ఇందులో ఉంది. జాగ్రత్త.

మీ మరదలు


పెద్దాఫీసు, కింది అంతస్తు, మెట్ల కింద,
ఏడాది చివరి వారం

మరదలా,

పని అయింది. ముందు అది చెప్పి తర్వాత మిగతాది.

ఫారం పట్టుకుని పై అధికారి గదిలోకి వెళ్ళాను. నా ఎర్రసిరా చూపించాను. వెనక్కి పంపి అడగకపోవడం నా తప్పని కాగితం మీద రాసిచ్చాను. ఆ సంఘంలో మా మరదలు ఉందనీ, డ్రమ్ము వాయించేది నా తమ్ముడనీ కూడా చెప్పాను, రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా. ఆయన గడి చదివాడు. మళ్ళీ చదివాడు. డ్రమ్ము వాక్యం దగ్గర దగ్గినట్టు నటించి కిటికీ వైపు తిరిగాడు. "తనకి రాని ఫలితం కూడా రాసుకున్న మనిషి రాసిన ఫలితం నమ్మొచ్చు" అని సంతకం పెట్టాడు. మీరు పోగుచేసిన దానితో పని లేకుండానే పోస్టు ఉంటుంది. ఆ డబ్బు సంగీతం గదికే వాడుకోమన్నాడు.

పక్కన పాత గీత కొట్టేసి కొత్తది నా చేతే రాయించాడు: 'ఫలితం ఉంది. పోస్టు అవసరం.' ఈసారి అక్షరాలు కాస్త వంకరపోయాయి.

పై చిరునామా చూశావా? తప్పు చేసినందుకు నన్ను డిస్పాచ్ సెక్షన్‌కి మార్చారు. కవర్లు అంటిస్తున్నాను, స్టాంపులు వేస్తున్నాను, కట్టలు కడుతున్నాను. నీకు మొదట్లో చెప్పిన అబద్ధం ఇప్పుడు అక్షరాలా నిజమైంది. మాస్టారి పోస్టు ఖాయమైన ఉత్తరం మీద స్టాంపు వేసింది కూడా నేనే. రెండు వేశాను, ఒకటి ఊడిపోయినా రెండోది ఉంటుందని.

అంతా బాగానే ఉంది గాని, నేను తప్పు ఒప్పుకున్న ఉత్తరానికి నువ్వు ఒక్క ముక్క జవాబు రాయలేదు. తర్వాత అన్నావు. నెల దాటింది. తిట్టాలనుకుంటే తిట్టు. ఈ మౌనం భరించడం కష్టంగా ఉంది.

నీ వదిన


కుట్టుమిషను పక్కనుంచి,
సెలవుల మొదటి రోజు

వదిన గారికి,

చిట్టి ఇవాళ సెలవని కూడా మరిచిపోయి, లేపకుండానే లేచి జడ వేసుకుంది. రెండు స్టాంపుల కవరు హెడ్‌మిస్ట్రెస్ అందరికీ చూపించింది. మాస్టారు తాళం తీసుకుని గది తెరిచి, ముందుగా కిటికీలు బార్లా తీశారు. మందుల షాపాయన షాపు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఈ సెలవుల్లో మీరు రావాలి, కచేరీ ఉంది. మీ తమ్ముడి పక్కనే మీ సీటు. ఆ మాత్రం శిక్ష ఉండాలి.

మౌనం గురించి అడిగారు. చెబుతాను.

హెడ్‌మిస్ట్రెస్ ఆ ఫారం చూపించిన రోజే నాకు తెలుసు. పన్నెండేళ్ళుగా నెలకో ఉత్తరం చదువుతున్నాను. మీ ముత్యాలు నేను పోల్చుకోనా? మూడు రోజులు అన్నం ముట్టలేదు. మిమ్మల్ని కడిగేస్తూ రెండు ఉత్తరాలు రాసి చింపేశాను. తిడితే మీరు నాలుగు కన్నీళ్ళు కార్చి, నేను పది మాటలని, అక్కడితో అయిపోయేది. మాస్టారి గడి ఖాళీగానే ఉండేది. అందుకని మూడోది రాశాను. ఆ ఎర్రసిరా ఎవరిదో వాకబు చేయమని.

మీ టైపు ఉత్తరాలు రెండూ దాచాను. ఆయింట్‌మెంటు మందుల షాపాయన దగ్గర కొన్నదే. దేనికని అడిగితే, మా వదిన గారి మనసుకి అన్నాను. మణికట్టుకి రాసినా పనిచేస్తుందన్నాడు.

నాకు మీ మీద కోపం లేదు. ఉండేది, పోయింది. ఖాళీ గడి కనపడితే ఒకసారి అడిగి, జవాబు కోసం ఆగాలన్నది మీ ఆఫీసు రూలే కదా వదినా. నేనూ అదే చేశాను. ఒకసారి అడిగాను. మీరు నింపేదాకా ఆగాను.

మీ మరదలు